వేట బాణం ఎంత పొడవు ఉండాలి? తరచుగా అడిగే ప్రశ్నలు

ఆగస్టు వచ్చిందంటే నాకు ఫోన్లు మొదలవుతాయి. టెక్సస్‌లో విల్లు వేట సీజన్ సెప్టెంబర్ చివర్లోనో అక్టోబర్ మొదట్లోనో తెరుస్తారు. దానికి నెలన్నర ముందు నుంచే డాలస్ చుట్టుపక్కల ఉద్యోగాలు చేసుకుంటూ ఈమధ్యే కాంపౌండ్ విల్లు (రెండు కొసలా చక్రాలుండే విల్లు) పట్టిన మన తెలుగువాళ్ళు ఒక్కొక్కరే అడుగుతుంటారు. విల్లు గురించి అందరూ బోలెడు చదివి ఉంటారు, బాణం పొడవు దగ్గరికి వచ్చేసరికి మాత్రం అందరికీ అవే డౌట్లు. ప్రతిసారీ ఫోన్‌లో చెప్పే బదులు ఒకచోట రాసి పెడితే మేలనిపించింది. దేని జవాబు దానికి పూర్తిగా ఉంటుంది, మీకు కావలసిన ప్రశ్న దగ్గరికి నేరుగా వెళ్ళిపోండి. చాలావరకు కాంపౌండ్ విల్లు, కార్బన్ బాణాల గురించే రాశాను.

## కొనే ముందు

బాణం పొడవు అంటే ఎక్కడి నుంచి ఎక్కడి దాకా కొలవాలి?

బాణం వెనక కొసన నారి కూర్చునే నాక్ గాడి అడుగు నుంచి షాఫ్ట్ (బాణం గొట్టం) ముందు కొస దాకా. ముందు బిగించే ఫీల్డ్ పాయింట్ (ప్రాక్టీస్ మొన) గానీ బ్రాడ్‌హెడ్ (బ్లేడ్లున్న వేట మొన) గానీ లెక్కలోకి రావు, ఇన్సర్ట్ (మొన బిగించడానికి గొట్టంలో అతికించే ముక్క) అంచు బయటికి కనిపిస్తుంటే అది కూడా రాదు. ఇక్కడే చాలామంది పొరపాటు పడతారు. కొన్ని షాపుల్లో నాక్ వదిలేసి కేవలం కార్బన్ గొట్టం పొడవునే కొలుస్తారు, రెండింటికీ దాదాపు అర అంగుళం తేడా వస్తుంది. ఫోన్‌లో ఆర్డర్ ఇచ్చేటప్పుడు "28 అంగుళాలు" అని ఊరుకోకండి, నాక్ గాడి నుంచా, గొట్టం ఒక్కటేనా అన్నది కూడా చెప్పండి.

నా డ్రా లెంత్ 28. మరి బాణం కూడా 28 కొంటే సరిపోతుందా?

కాంపౌండ్‌కి చాలాసార్లు సరిపోతుంది, కానీ ఆ రెండూ ఒకటే అనుకుని కళ్ళు మూసుకుని కొనకండి. డ్రా లెంత్ అనే కొలతలో ఒక చిన్న కిటుకుంది. నారిని పూర్తిగా లాగినప్పుడు నాక్ గాడి నుంచి విల్లు పిడిలో బాగా లోపలికి ఉండే చోటు వరకు కొలిచి, దానికి 1¾ అంగుళాలు కలుపుతారు. అలా కలపడం వల్ల ఆ అంకె సుమారుగా రైజర్ (విల్లు మధ్యలోని గట్టి భాగం) ముందు అంచు దగ్గరికి వస్తుంది. అంటే 28 డ్రాకి 28 బాణం వేస్తే షాఫ్ట్ కొస దాదాపు రైజర్ ముఖం దగ్గర ఆగుతుంది, బ్రాడ్‌హెడ్ దాని బయట ఉంటుంది. వినడానికి బాగానే ఉంది. కానీ రైజర్ మందం ఒక్కో విల్లుకి ఒక్కోలా ఉంటుంది, రెస్ట్ (బాణం ఆనే భాగం) కూడా కొన్నింటిలో ఇంకాస్త వెనక్కి బిగిస్తారు, పైగా విల్లు మీద రాసిన డ్రా లెంత్‌కీ అసలు దానికీ పావు నుంచి అర అంగుళం తేడా నేను చాలాసార్లు చూశాను. 28 అన్నది ఒక అంచనాగా పెట్టుకోండి, కోసేముందు మీ విల్లు మీదే కొలవండి.

చేతులు చాపి కొలిచి 2.5తో భాగించమంటారు. దాన్ని నమ్మొచ్చా?

విల్లు కొనడానికైతే నమ్మొచ్చు, బాణం కోయడానికి వద్దు. గోడకి ఆనుకుని రెండు చేతులూ బారగా చాపి, ఒక మధ్యవేలి కొస నుంచి ఇంకో మధ్యవేలి కొస దాకా కొలిస్తే 70 అంగుళాలు వచ్చిందనుకోండి, 2.5తో భాగిస్తే 28 వస్తుంది. ఏ సైజు విల్లు పట్టుకుని చూడాలో అది చెబుతుంది, అంతే.

ఇంకో సంగతి కూడా తెలుసుకోవాలి. కాంపౌండ్‌లో నారి ఎంత వెనక్కి వస్తుందో క్యామ్ (విల్లు కొసన ఉండే చక్రం) మీది మాడ్యూల్ అనే ముక్క నిర్ణయిస్తుంది. ఒకచోటికి వచ్చాక గోడలా ఆగిపోతుంది. కాబట్టి బాణం పొడవు మీ చేతుల కంటే విల్లు సెట్టింగ్ మీదే ఎక్కువ ఆధారపడుతుంది. అదే 28 దగ్గర పెట్టిన విల్లుని ఆరడుగుల మనిషి లాగినా నాక్ నుంచి రెస్ట్‌కి దూరం దాదాపు అంతే ఉంటుంది.

ఇండియాలో కాంపౌండ్ ఆర్చరీ ఆడాను. ఆ బాణాలే తెచ్చుకుని ఇక్కడ వేటకి వాడొచ్చా?

వద్దు. విజయవాడ నుంచి వెళ్ళిన వెన్నం జ్యోతి సురేఖ హాంగ్‌జౌ ఆసియా క్రీడల్లో మూడు బంగారు పతకాలు కొట్టాక మన పిల్లలు చాలామంది కాంపౌండ్ వైపు వచ్చారు, వాళ్ళలో కొందరు ఇప్పుడు చదువుకోసం ఇక్కడికి వచ్చి ఇదే అడుగుతున్నారు. చాలా సంతోషం, మీ ఫామ్ మా అందరికంటే బాగుంటుంది. కానీ టార్గెట్ బాణం చేసే పని వేరు. బయట 50 మీటర్ల ఆటకి సన్నటి తేలికపాటి షాఫ్ట్ వాడతారు, ఇండోర్‌కి 9.3 మిల్లీమీటర్ల దాకా లావున్న పొడవాటి గొట్టాలు వాడతారు. రెండూ కాగితం మీద గీత తాకడం కోసం తయారైనవే. వేట బాణం ముందు కత్తులున్న బ్రాడ్‌హెడ్ మోయాలి, దుక్కలాంటి జంతువు పక్కటెముకల మధ్య నుంచి దూసుకుపోవాలి. దానికి తగ్గ బరువూ గట్టిదనమూ ఉన్న షాఫ్ట్ కొత్తగా తీసుకోండి.

కోయించి కొనాలా, ఫుల్ లెంత్ కొనాలా?

మొదటి డజను ఫుల్ లెంత్‌లోనే తీసుకోండి. కార్బన్ షాఫ్ట్‌లు ఫ్యాక్టరీ నుంచి సాధారణంగా 30 నుంచి 34 అంగుళాల మధ్య వస్తాయి. విల్లు చేతికి రాకముందే ఆన్‌లైన్‌లో 27 అని టైప్ చేసి కోయించుకున్నవాళ్ళని ముగ్గుర్ని చూశాను, ముగ్గురూ మళ్ళీ కొన్నారు. డజను వంద నుంచి రెండొందల డాలర్ల సరుకు. పొడవు ఎక్కువైతే పది నిమిషాల్లో తగ్గించుకోవచ్చు, తక్కువైతే అతికించుకోలేం.

## కొలిచేటప్పుడు

ఇంట్లో సరైన పొడవు కొలవడం ఎలా?

ముందు డ్రా లెంత్, రెస్ట్, పీప్ (నారిలో ఉండే, గురి చూసే రంధ్రం), డి-లూప్ (నారికి కట్టే చిన్న తాడు) అన్నీ పెర్మనెంట్‌గా సెట్ అయి ఉండాలి. రెస్ట్ తర్వాత మార్చుకుందాంలే అనుకుంటే ఇప్పుడు కొలిచి లాభం లేదు. ఒక పొడవాటి షాఫ్ట్‌కి నాక్ పెట్టి, ముందు ఫీల్డ్ పాయింట్ ఉన్న ఇన్సర్ట్ దూర్చండి. నాలుగైదు గజాల దూరంలో మంచి టార్గెట్ పెట్టుకుని, దానికి గురిపెట్టే లాగండి. చెయ్యి జారినా బాణం పోయి టార్గెట్‌లోనే దిగాలి. బాణం లేకుండా నారి వదిలితే విల్లు పగిలిపోవచ్చు, అందుకే ఖాళీగా లాగి చూద్దాం అనుకోవద్దు.

నేను మొదటిసారి సరిగ్గా కొలిచినప్పుడు మా బావ పక్కన నిలబడ్డాడు. బాణం కొసకి ముందు వైపు ఎవరూ రాకూడదు, అందుకని నా మోచేతికి సమంగా పక్కన నిలబడి, చెయ్యి చాపి వెండి రంగు మార్కర్‌తో రెండు గీతలు పెట్టాడు. ఒకటి రెస్ట్ షాఫ్ట్‌ని పట్టుకున్న చోట, రెండోది రైజర్ ముందు ముఖం దగ్గర. నెమ్మదిగా నారి దించాను, మళ్ళీ లాగాను, మళ్ళీ గీశాడు. మూడోసారికి చూస్తే రెస్ట్ దగ్గర మూడు గీతలు అగ్గిపుల్ల మందంలో పక్కపక్కనే ఉన్నాయి. అన్నిటికంటే ముందున్న గీతనే లెక్కలోకి తీసుకోండి, ఎందుకంటే జింక ఎదురుగా నిలబడ్డప్పుడు మనం ఇంకొంచెం గట్టిగా గోడకి ఆనించి లాగుతాం.

పక్కన మనిషి లేకపోతే ఫోన్‌ని స్టాండ్‌కి పెట్టి పక్క నుంచి వీడియో తీసుకోండి. షాఫ్ట్ మీద అర అంగుళానికొకటి గీతలు ముందే పెట్టుకుంటే వీడియో ఆపి లెక్కపెట్టొచ్చు. షాపులో డ్రా బోర్డ్ (విల్లుని లాగి పట్టి ఉంచే చట్రం) ఉంటే ఇంకా మంచిది.

రెస్ట్ ముందు ఎంత మిగలాలి?

కనీసం అర అంగుళం, నా సలహా ఒక అంగుళం. మొదటి ఏడాదివాళ్ళకి ఒకటిన్నర. బాణం కొస రెస్ట్ మీంచి వెనక్కి జారిందంటే అది మీ ముంజేతి మీదికో వేళ్ళ మీదికో దిగుతుంది, ఆ క్షణంలో రిలీజ్ (నారిని పట్టి వదిలే పరికరం) నొక్కితే ఏమవుతుందో చెప్పక్కర్లేదు. ఏడాదిలో మీ నిలబడే తీరు కుదిరేకొద్దీ చాలామందికి డ్రా లెంత్ అర అంగుళం అటూ ఇటూ మారుతుంది. పొడవు కొంచెం మిగిల్చి ఉంటే మాడ్యూల్ అర అంగుళం పెంచినా అవే బాణాలు పనికొస్తాయి.

బ్రాడ్‌హెడ్ రైజర్ లోపలికి వస్తే తప్పేముంది? ఫ్రెండ్ బాణాలు అలాగే ఉన్నాయి.

కొంతమంది నిపుణులు అలా వాడతారు, నిజమే. రెస్ట్ బాణాన్ని అన్ని వైపుల నుంచీ పట్టి ఉంచేదైతే, షెల్ఫ్ (పిడికి పైనున్న అంచు) మీద చాలినంత ఖాళీ ఉంటే, బ్లేడ్లు ఎక్కడా తగలకపోతే అది నడుస్తుంది. కొత్తవాళ్ళకి మాత్రం నేను గట్టిగా వద్దంటాను.

నాకు జరిగింది చెబుతాను. మొదటి డజను ఒక షాపులో కొన్నాను. కౌంటర్ దగ్గరున్నతను విల్లు మీద రాసిన అంకె చూసి, నన్ను లాగమని అడగకుండానే రెస్ట్‌కి ముప్పావు అంగుళం ముందు కోసేశాడు. ఫీల్డ్ పాయింట్లతో నెలంతా హాయిగా వేశాను. సెప్టెంబర్‌లో మూడు బ్లేడ్ల ఫిక్స్‌డ్ (బ్లేడ్లు కదలని) బ్రాడ్‌హెడ్ బిగించి లాగితే, కింది వైపున్న బ్లేడ్ షెల్ఫ్‌కి తగిలి టిక్కుమని చిన్న చప్పుడు. కిందికి చూస్తే బ్లేడ్ వెనక అంచుకీ నా చూపుడు వేలికీ మధ్య బియ్యపు గింజంత దూరం. వేలు పిడి మీంచి కొంచెం పైకి లేపి పట్టుకునే అలవాటు నాకు అప్పట్లో ఉండేది. నారి మెల్లగా దించి, చాలాసేపు అలాగే కూర్చుండిపోయాను.

ఆ బ్లేడ్లు గడ్డం గీసే బ్లేడంత పదునుగా ఉంటాయి. ఫిక్స్‌డ్ బ్రాడ్‌హెడ్ వాడేవాళ్ళు ఫుల్ డ్రాలో బ్లేడ్ల వెనక అంచు రైజర్ ముఖానికి అర అంగుళం బయట ఉండేలా కోయించుకోండి. కాస్త బరువు పెరుగుతుంది, పెరగనివ్వండి.

మా ఆవిడ కూడా వేస్తుంది, డ్రా 25. నా బాణాలే ఇవ్వొచ్చా?

పొడవు పరంగా ప్రమాదం లేదు, మీ బాణం ఆమె విల్లుకి పొడవే అవుతుంది. కానీ 60 పౌండ్ల విల్లుకి తీసుకున్న షాఫ్ట్ 40-45 పౌండ్ల విల్లుకి మరీ గట్టిగా ఉంటుంది, తిన్నగా పోదు. ఆమెకి విడిగా 500 లేదా 600 స్పైన్‌లో (షాఫ్ట్ గట్టిదనం చెప్పే అంకె, కింద వివరించాను), 26 నుంచి 26½ అంగుళాలు పెట్టి తీసుకోండి. ఇందులో ఆమెకి ఒక లాభం ఉంది, బాణం పొట్టిది కాబట్టి షాఫ్ట్ బరువు తగ్గుతుంది, ఆ తగ్గిన బరువుని ముందువైపు బరువైన ఇన్సర్ట్‌గా పెట్టుకోవచ్చు. మీ బాణాలు పొరపాటున కలిసిపోకుండా ఈకల రంగులు మాత్రం వేరేవి ఎంచుకోండి. తిరగేసి మాత్రం చేయొద్దు: ఆమె పొట్టి బాణం మీ 28 డ్రా విల్లుకి తొడిగితే అది రెస్ట్ మీంచి వెనక్కి జారిపోయే ప్రమాదం ఉంది.

చలికాలం మందపాటి జాకెట్ వేసుకుంటాం కదా, అప్పుడు పొడవు మారుతుందా?

బాణానిది మారదు. జాకెట్ చేతికి నారి తగులుతుంది, అది వేరే సమస్య, చేతిని కట్టి ఉంచే ఆర్మ్‌గార్డ్ పెట్టుకోండి. వేసుకోబోయే జాకెట్‌తోనే పెరట్లో ఒక వారం వేసి చూడండి.

రికర్వ్ లేదా లాంగ్‌బో అయితే?

ఇవి చక్రాలు లేని విల్లులు, ఇక్కడ గోడ అంటూ లేదు, నారి ఎక్కడిదాకా వస్తుందో పూర్తిగా మీ శరీరమే చెబుతుంది. కాంపౌండ్‌లో 28 లాగేవాళ్ళు వేళ్ళతో లాగే విల్లుకి సాధారణంగా 26½, 27 దగ్గరే ఆగుతారు. అలాగని బాణం పొట్టిగా కోయకండి. ఉత్సాహంలో ఒక అంగుళం ఎక్కువ లాగడం మనిషి సహజం, చాలా సంప్రదాయ విల్లుల్లో బాణం చేతి పిడికిలి పక్కనే, షెల్ఫ్ మీదే కూర్చుంటుంది. బ్రాడ్‌హెడ్ మీ వేలి దాకా రాకూడదు, అందుకే మీ డ్రా కంటే కనీసం ఒకటిన్నర నుంచి రెండు అంగుళాలు పొడవు ఉంచండి. ఈ విల్లులతో ఫుల్ లెంత్ బాణంతో మొదలుపెట్టి, కొంచెం కొంచెం కోస్తూ ట్యూన్ చేసుకోవడమే అందరూ చేసే పని.

క్రాస్‌బో బోల్ట్ (క్రాస్‌బో బాణం) పొడవు నేను ఎంచుకోవచ్చా?

లేదు. మీ క్రాస్‌బోకి కంపెనీ 20 అంగుళాలని రాసి ఉంటే 20, 22 అని ఉంటే 22. నాక్ రకం కూడా కంపెనీ చెప్పినదే వాడాలి.

## స్పైన్, బరువు

స్పైన్ అంటే ఏమిటి? పొడవుకీ దానికీ ఏం సంబంధం?

షాఫ్ట్ ఎంత వంగుతుందో చెప్పే అంకె అది. 28 అంగుళాల ఎడంలో రెండు ఆధారాల మీద షాఫ్ట్‌ని పడుకోబెట్టి, మధ్యలో 1.94 పౌండ్ల బరువు వేలాడదీస్తారు. 0.400 అంగుళం వంగితే దాన్ని 400 అంటారు, 0.340 వంగితే 340. అంకె తగ్గేకొద్దీ బాణం గట్టిది.

షాఫ్ట్ మీద అచ్చేసిన ఈ అంకె మీరు కోసినా మారదు. మారేది విల్లు నుంచి వెళ్ళేటప్పుడు అది వంగే తీరు. వెదురు కర్రని చేత్తో పట్టుకుని చూడండి, పొడవాటిది ఊగుతుంది, అదే కర్రని సగం చేస్తే బిగుసుకుపోతుంది. బాణమూ అంతే. పొడవు పెరిగితే మెత్తబడుతుంది, కోస్తే గట్టిపడుతుంది, ముందు బరువు పెంచితే మళ్ళీ మెత్తబడుతుంది. కంపెనీల స్పైన్ చార్టులు గమనిస్తే ఒక అంగుళం పొడవు పెరగడం, విల్లు బలం ఐదు పౌండ్లు పెరగడం దాదాపు ఒకే ప్రభావం చూపిస్తాయి. అందుకే చార్టులో మీ డ్రా లెంత్ గడి చూడకండి, కోయబోయే బాణం పొడవు గడి చూడండి. ఈ ఒక్క తప్పు వల్ల మెత్తటి బాణాలు కొని, నెలల తరబడి రెస్ట్‌ని తిట్టుకుంటూ గడిపినవాళ్ళు ఉన్నారు.

60 పౌండ్లు, 28 అంగుళాల బాణం, 100 గ్రెయిన్ల (గ్రెయిన్ అంటే చిన్న బరువు కొలత, కింద చెప్పాను) పాయింట్ అయితే సాధారణంగా 400 వస్తుంది. 70 పౌండ్లకి అదే బాణం 340 అవుతుంది.

రెండు స్పైన్ల మధ్యలో పడ్డాను. ఏది తీసుకోవాలి?

కాంపౌండ్‌తో వేటకైతే గట్టిది. మెత్తటి బాణం మీద బ్రాడ్‌హెడ్ పెడితే దాని తప్పులన్నీ పెద్దవై కనిపిస్తాయి. గట్టిదాన్ని అర అంగుళం పొడవు ఉంచో, ముందు 25 గ్రెయిన్లు పెంచో మీ విల్లుకి తగ్గట్టు తెచ్చుకోవచ్చు.

పొట్టిగా కోస్తే వేగం పెరుగుతుంది కదా?

పెరుగుతుంది, ఎంతో లెక్క వేద్దాం. అంగుళానికి 9 గ్రెయిన్లు తూగే షాఫ్ట్‌ని రెండు అంగుళాలు కోశారనుకోండి, 18 గ్రెయిన్లు తగ్గాయి. 420 గ్రెయిన్ల బాణం సెకనుకి 270, 280 అడుగుల్లో పోతుంటే ఈ కోతతో దక్కేది ఐదారు అడుగులు. 20 గజాల దూరంలో అది మీకు గానీ జింకకి గానీ తెలియదు. దానికోసం బ్లేడ్‌ని వేలి దగ్గరికి తెచ్చుకోవద్దు.

మొత్తం బాణం బరువు ఎంత ఉండాలి?

విల్లు బలంలో ప్రతి పౌండ్‌కీ 5 గ్రెయిన్ల కంటే ఎప్పుడూ తగ్గకూడదు, తగ్గితే బాణం లేకుండా నారి వదిలినంత దెబ్బ విల్లుకి తగులుతుంది. జింకల వేటకి 6 నుంచి 8 మధ్య ఉంటే నాకు ఇష్టం. ఒక ఉదాహరణ: 28 అంగుళాల షాఫ్ట్ అంగుళానికి 9 చొప్పున 252, బ్రాడ్‌హెడ్ 100, ఇన్సర్ట్ 25, నాక్ 10, మూడు వేన్లు (ఈకలు) కలిపి 18. మొత్తం 405. విల్లు 60 పౌండ్లదైతే పౌండ్‌కి 6.75, బాగుంది. ఈ గ్రెయిన్ అంటే ఎంత అని అడుగుతారు, ఒక గ్రాముకి 15.4 గ్రెయిన్లు, అంటే ఈ బాణం 26 గ్రాములు పైచిలుకు.

ఎఫ్‌ఓసీ గురించి ఎంత పట్టించుకోవాలి?

బాణం బరువు మధ్య నుంచి ఎంత ముందుకి ఉందో చెప్పేదే అది. పూర్తిగా బిగించిన బాణాన్ని వేలి మీద నిలబెట్టి తూగే చోటు చూడండి. నాక్ గాడి నుంచి ఆ చోటికి 17.5 అంగుళాలు, బాణం పొడవు 28 అయితే, 17.5లోంచి సగం పొడవు 14 తీసేస్తే 3.5. దాన్ని 28తో భాగించి వందతో గుణిస్తే 12.5 శాతం. వేటకి 10 నుంచి 15 మధ్య ఉంటే నిశ్చింతగా ఉండొచ్చు. వెనక లైటెడ్ నాక్ పెడితే ఈ శాతం కాస్త తగ్గుతుంది, కాబట్టి వేటలో ఏ నాక్ వాడతారో దానితోనే కొలవండి.

## కోసేటప్పుడు

ఇంట్లో హాక్సా బ్లేడుతో కోయొచ్చా?

వద్దు, దయచేసి. కార్బన్ అంటే సన్నని పోగుల్ని జిగురుతో బిగించిన గొట్టం. పళ్ళున్న రంపం ఆ పోగుల్ని చీల్చేస్తుంది, పైపులు కోసే కట్టర్ నొక్కి పగలగొడుతుంది. కంటికి కనపడని చీలికతో ఆ బాణం విల్లు మీదే విరిగితే ముక్కలు చేతిలోకి దిగుతాయి. వేగంగా తిరిగే అరగదీసే చక్రం ఉన్న ఆరో సా మాత్రమే వాడాలి, అది చాలా ఆర్చరీ షాపుల్లో ఉంటుంది. సొంతంగా కోసేవాళ్ళు మాస్క్, కళ్ళద్దాలు పెట్టుకోండి, కార్బన్ పొడి ఊపిరితిత్తులకి మంచిది కాదు, పొడి లాగే వాక్యూమ్ పక్కనే నడవనివ్వండి. కోసేటప్పుడు షాఫ్ట్‌ని చక్రం మీదికి తోసి ఊరుకోకుండా వేళ్ళతో నెమ్మదిగా తిప్పుతూ కోస్తే అంచు సమంగా వస్తుంది.

కోసిన వెంటనే ఇన్సర్ట్ అతికించేయొచ్చా?

అంచు ముందు చదును చేయండి. కోసిన కొస వెంట్రుకవాసి వంకరగా ఉన్నా ఇన్సర్ట్ వంకరగా కూర్చుంటుంది, బ్రాడ్‌హెడ్ తిప్పితే గిర్రున తిరగకుండా ఊగుతుంది. స్క్వేరింగ్ టూల్ మీద షాఫ్ట్‌ని పెట్టి నాలుగైదు చుట్లు తిప్పండి. కొసకి మార్కర్‌తో రంగు పూసి తిప్పితే, రంగు మొత్తం పోయినప్పుడు చదునైనట్టు. తర్వాత ఇయర్‌బడ్‌ని ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌లో ముంచి గొట్టం లోపలి నల్లటి పొడి పోయేదాకా తుడిచి, ఆరనిచ్చి, అప్పుడు జిగురు. కార్బన్‌ని నేరుగా మంట మీద వేడి చేయొద్దు.

మరీ పొట్టిగా కోసేశాను. ఏదైనా దారి ఉందా?

ఆ విల్లుకి లేదు. ముందు పొడవాటి ముక్కలేవో తగిలించి సరిపెట్టే ప్రయత్నం చేయొద్దు. తక్కువ డ్రా ఉన్నవాళ్ళకి, స్పైన్ సరిపడితే ఇచ్చేయండి. నా మొదటి డజను అలాగే మా బావ కొడుక్కి వెళ్ళింది, వాడిది 26 డ్రా, ఇప్పటికీ పెరట్లో వాటితోనే వేస్తున్నాడు.

## బిగించాక, వేటకి ముందు

ఫీల్డ్ పాయింట్ బాగా తగులుతోంది, బ్రాడ్‌హెడ్ పక్కకి పోతోంది. పొడవు వల్లేనా?

కావచ్చు, కానీ రంపం దగ్గరికి పరుగెత్తకండి. ముందు బాణాన్ని గిర్రున తిప్పి బ్రాడ్‌హెడ్ ఊగుతోందేమో చూడండి. ఊగకపోతే 20 గజాల నుంచి ఫీల్డ్ పాయింట్ ఒకటి, బ్రాడ్‌హెడ్ ఒకటి మార్చి మార్చి వేయండి. బ్రాడ్‌హెడ్లు ఎడమకి పోతుంటే రెస్ట్‌ని కుడికి, కిందికి పోతుంటే పైకి, అంగుళంలో ముప్పై రెండో వంతు చొప్పున జరపండి. ఎంత జరిపినా కలవకపోతే స్పైన్ అనుమానించాలి. మెత్తగా ఉందని తేలితే, పొడవు మిగిలి ఉన్న ఒకే ఒక్క బాణాన్ని అర అంగుళం కోసి మళ్ళీ వేసి చూడండి. తేడా మంచి వైపు కనిపిస్తే మిగతావి కోయండి. పన్నెండూ ఒకేసారి కోయొద్దు.

కొత్త విల్లు కొన్నాను, డ్రా లెంత్ పాతదే. పాత బాణాలు వాడొచ్చా?

లాగి చూడకుండా వాడొద్దు. రైజర్ ఆకారం, రెస్ట్ బిగించే చోటు మారితే ముందు మిగిలే భాగం కూడా మారిపోతుంది. బలం పెరిగిందా, బాణం మెత్తబడినట్టే.

చట్టంలో బాణం పొడవు గురించి ఏమైనా ఉందా?

రాష్ట్రాన్ని బట్టి ఉంటుంది. మోంటానా, యూటాల్లో బాణం కనీసం 20 అంగుళాలు, 300 గ్రెయిన్లు ఉండాలి. పెద్దవాళ్ళు వాడే బాణం ఎలాగూ అంతకంటే పొడవే. టెక్సస్‌లో చూసేది బ్రాడ్‌హెడ్‌ని: తగిలినప్పుడు కనీసం 7/8 అంగుళం వెడల్పు, రెండు పదునైన అంచులు ఉండాలి. 1971 సెప్టెంబర్ 2న గానీ ఆ తర్వాత గానీ పుట్టినవాళ్ళకి హంటర్ ఎడ్యుకేషన్ తప్పనిసరి, మనవాళ్ళలో దాదాపు అందరూ అందులోకే వస్తారు. సీజన్ ముందు ఆ ఏటి నిబంధనలు రాష్ట్ర వన్యప్రాణి శాఖ సైట్‌లో చదవండి.

సెలవులకి ఊరికి వెళ్ళినప్పుడు అడవిపంది కోసం విల్లు తీసుకెళ్ళొచ్చా అని అడిగేవాళ్ళకి: కుదరదు. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద అది నేరం, విల్లయినా తుపాకీ అయినా ఒకటే.

ప్రతి షాట్‌కి ముందు ఏం చూసుకోవాలి?

బాణం రెండు కొసలూ పట్టుకుని మీ నుంచి దూరంగా కొంచెం వంచండి, పావు చుట్టు తిప్పి మళ్ళీ వంచండి, నాలుగు వైపులా. వంచేటప్పుడు జాగ్రత్తగా వినండి. కరకరమని చిన్న చప్పుడు వచ్చినా, బొటనవేలికి ఎక్కడైనా గరుకుగా తగిలినా, ఆ బాణం విరిచి చెత్తబుట్టలో వేయండి. వేట బాణాలకైతే బ్రాడ్‌హెడ్ తీసేసి ఇంట్లోనే ఈ పరీక్ష చేసుకుని, ఆ తర్వాత బిగించి క్వివర్‌లో (అమ్ములపొదిలో) పెట్టుకోండి. నేను సీజన్ ముందు రోజు రాత్రి వంటగది లైటు కింద కూర్చుని ఆరు బాణాలూ ఇలాగే ఒక్కొక్కటీ వంచి, నాక్ దగ్గరా ఇన్సర్ట్ దగ్గరా దూది ముక్కతో తుడుస్తాను. దూది పోగు ఎక్కడైనా చిక్కుకుంటే అక్కడ చీలిక ఉన్నట్టే. పోయిన ఏడాది ఆరింటిలో ఒకదానికి ఇన్సర్ట్ వెనక సరిగ్గా అలాగే చిక్కుకుంది. ఐదు బాణాలతోనే వెళ్ళాను.